కడిగే కొద్దీ పెరిగే దురద: సిగ్గు పక్కనపెట్టి మాట్లాడుకోవాల్సిన ఒక బాధ

సంక్షేమ హాస్టళ్లలో ఆరోగ్యం గురించి మాట్లాడటానికి వెళ్లినప్పుడు మేము ఒక పద్ధతి పాటిస్తాం. చివర్లో తలా ఒక తెల్ల చీటీ ఇస్తాం. పేరు రాయొద్దు, అడగాలనుకున్నది రాసి డబ్బాలో వేయమంటాం. నోటితో అడిగే ప్రశ్నలు ఎక్కడికెళ్లినా ఒకేలా ఉంటాయి: జుట్టు రాలడం, మొటిమలు, రక్తం తక్కువ ఉండటం. చీటీల్లో వచ్చేవి వేరు. పోయిన చలికాలం ఒక ఎస్సీ బాలికల హాస్టల్లో వచ్చిన చీటీ ఒకటి ఇలా ఉంది: "రాత్రిపూట ముడ్డి దగ్గర బాగా దురద పెడుతుంది. నిద్ర ఉండదు. రోజుకు నాలుగుసార్లు సబ్బుతో రుద్ది కడుగుతున్నా తగ్గట్లేదు. నేను శుభ్రంగా లేనా?"

అదే డబ్బాలో ఇంకో మూడు చీటీలు దాదాపు ఇదే చెప్పాయి. ఒకరు 'కింద' అని రాశారు, ఒకరు 'కూర్చునే దగ్గర' అని, ఇంకొకరు 'ఆసనం' అని. పారిశుధ్య పనిలో ఉన్న అక్కలు, అన్నలు ఇదే బాధను ఇంకా గొంతు తగ్గించి చెప్పడం మేము విన్నాం. ఊళ్లో ఆ మాట తిట్టు. ఆసుపత్రిలో ఆ మాట అంటే బూతు మాట్లాడినట్టు చూస్తారు. అందుకే చాలామంది ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పకుండా గోక్కుంటూ గడిపేస్తున్నారు. ఈ వ్యాసంలో మేము మలద్వారం అనే మాట వాడుతున్నాం. మీకు నోటికి వచ్చిన మాట మీరు వాడుకోండి, చెప్పడం ముఖ్యం.

ఆ చీటీలో చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలి. లేదమ్మా, నువ్వు మురికిగా ఉండటం వల్ల వచ్చింది కాదు. నిజానికి నాలుగుసార్లు సబ్బుతో రుద్దడమే ఆ దురదను పెంచుతూ ఉండొచ్చు. ఏ ఇతర జబ్బూ కనబడని మలద్వారపు దురదల్లో డాక్టర్లు చాలా తరచుగా చూసే కారణాల్లో అతిగా కడగడం, రుద్దడం, సబ్బులు, మందు నీళ్లు వాడటం ఒకటి. వైద్య పుస్తకాల్లో దీన్ని ప్రురైటిస్ ఏనై అంటారు. నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడతారని, ఆడవాళ్లకంటే మగవాళ్లలో ఎక్కువని ఆ పుస్తకాలే చెబుతాయి. కులం, ఇల్లు, బాత్రూము చూసి వచ్చేది కాదు.

మరి ఆ పిల్లకు ఆ ప్రశ్న ఎందుకు పుట్టింది? 1927లో మహద్‌లో బాబాసాహెబ్ వెంట మనవాళ్లు చౌదార్ చెరువు నీళ్లు తాగాక, సవర్ణులు ఆ చెరువును ఆవు పేడ, ఆవు మూత్రం కలిపి పోసి 'శుద్ధి' చేసుకున్నారు. పశువులు దిగి తాగే నీళ్లు మనం ముడితే మైలపడ్డాయట. మైలకూ మురికికీ ఏ సంబంధమూ లేదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. కానీ తరతరాలుగా 'మీరు శుభ్రంగా ఉండరు' అని వింటూ పెరిగినవాళ్లు ఒంట్లో ఎక్కడ దురద పుట్టినా ముందు తమనే అనుమానించుకుంటారు. ఇంకా గట్టిగా రుద్దుతారు. మిగతా జబ్బుల్లో ఈ అనుమానం మనసుకే దెబ్బ. ఈ జబ్బులో చర్మానికి కూడా దెబ్బే.

అక్కడి చర్మంలో ఏం జరుగుతుంది

మలద్వారం చుట్టూ ఉండే చర్మం పలచన, ముడతలు ముడతలుగా ఉంటుంది. నరాల కొసలు ఎక్కువ, అందుకే అక్కడ చిన్న రాపిడి కూడా పెద్దగా తెలుస్తుంది. చెమట పడుతుంది, గాలి ఆడదు. మలం కాస్త మిగిలినా దానిలోని జీర్ణరసాల శేషాలు, సూక్ష్మజీవులు చర్మాన్ని రేపుతాయి. కాబట్టి కడుక్కోవాలన్నది నిజమే. అయితే చర్మం పైపొరలో సహజంగా ఒక పలచని నూనె పూత ఉంటుంది. అదే దానికి కవచం. సబ్బు ఆ పూతను తీసేస్తుంది. గరుకు టవలు, గోరు, పీచు పైపొరను గీరేస్తాయి. కవచం పోయిన చర్మానికి చెమట తగిలినా మంట, మలం తగిలినా మంట. మంట పుడితే గోకుతాం. గోకితే చర్మం మరింత చిట్లి, ఇంకా దురద పెడుతుంది. నెలల తరబడి ఇలా సాగితే అక్కడి చర్మం మందంగా, గట్టిగా, తెల్లగా లేదా నల్లగా మారి ముడతలు లోతవుతాయి. ఆ దశలో మొదట దురద ఎందుకు మొదలైందో ఆ కారణం ఎప్పుడో పోయి ఉండొచ్చు. గోకుడే రోగమై కూర్చుంటుంది.

రాత్రి ఎక్కువ కావడానికి వేరే రహస్యమేమీ లేదు. పగలు పనిలో, చదువులో ధ్యాస మళ్లుతుంది. పడుకున్నాక దుప్పటి వేడి, చెమట, నిశ్శబ్దం. నిద్రలో చెయ్యి తనంతట తనే అక్కడికి పోతుంది. పిల్లల్లో అయితే రాత్రి దురదకు ఇంకో పెద్ద కారణం ఉంది, దాని గురించి కిందకు వస్తాం.

మనకు నీళ్లతో కడుక్కునే అలవాటు ఉంది. అది మంచిది, వదులుకోవద్దు. అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి లాంటి పథకాల మీద బయటి దేశాలకు వెళ్లిన మన పిల్లలకు మొదటి నెలల్లోనే ఈ బాధ మొదలయ్యే అవకాశం ఎక్కువ. పొడి కాగితంతో గట్టిగా తుడవడం, అది చాలక వాసన వేసిన తడి కాగితాలు వాడటం. ఆ తడి కాగితాలు పాడవకుండా కలిపే రసాయనాలు కొందరికి చర్మపు ఎలర్జీ తెస్తాయని డాక్టర్లకు బాగా తెలుసు. వెళ్లేవాళ్లు పెట్టెలో ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టుకుపోతే చాలు, నవ్వేవాళ్లను నవ్వనివ్వండి.

ముందు ఆపాల్సినవి, తర్వాత చేయాల్సినవి

ఆ హాస్టల్లో మేము చెప్పిన మొదటి మాటకు పిల్లలంతా ఆశ్చర్యపోయారు: అక్కడ సబ్బు మానేయండి. ఒంటి సబ్బు, బట్టల సబ్బు, షాంపూ, యాంటీసెప్టిక్ లోషను, ఏదీ వద్దు. మామూలు నీళ్లు చాలు. విరేచనానికి వెళ్లినప్పుడల్లా మెత్తగా, చేత్తో, సరిపడా నీళ్లు పోసి కడుక్కోవాలి. చేతులకు మాత్రం సబ్బు కచ్చితంగా కావాలి. ఈ రెండింటినీ కలిపి అయోమయపడొద్దు. కడిగాక రుద్ది తుడవకుండా మెత్తని పాత నూలు గుడ్డతో అద్ది తడి తీయాలి. తడి అలాగే ఉంచి బట్ట కట్టుకోవడం, సబ్బు రాయడం, రెండూ సమానంగా చెడ్డవి. టాల్కం పౌడరు చల్లితే పొడిగా ఉంటుందనుకుంటారు. అది చెమటతో ముద్దకట్టి ముడతల్లో కూరుకుపోతుంది. పసుపు, వేపాకు ముద్ద, నిమ్మరసం, ఉప్పు నీళ్లు, వీటిని చిట్లిన చర్మం మీద ప్రయోగించొద్దు. మన అమ్మమ్మల వైద్యం మీద గౌరవం లేక కాదు, మంట భరించలేక ఏడ్చినవాళ్లను చూశాం కాబట్టి చెబుతున్నాం.

తడి అద్దాక పెట్రోలియం జెల్లీ గానీ, పసిపిల్లలకు డైపరు ఒరుపు మీద రాసే జింక్ ఆక్సైడ్ క్రీము గానీ పలచగా రాస్తే చర్మానికి పోయిన కవచం స్థానంలో తాత్కాలికంగా ఒక పూత దొరుకుతుంది. ఎక్కువ ఖర్చు కాదు. విరేచనానికి వెళ్లే ముందు రాసుకున్నా మంచిదే. మంట ఎక్కువగా ఉన్న రోజు వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని పది, పదిహేను నిమిషాలు కూర్చుంటే ఉపశమనం. ఆ నీళ్లలో ఏమీ కలపొద్దు. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవాలి. రాత్రి నిద్రలో గోకే అలవాటు ఉంటే చేతులకు నూలు గ్లవుసులో, పాత సాక్సులో తొడుక్కుని పడుకోవచ్చు. వింతగా ఉంటుంది గానీ పనిచేస్తుంది.

లోదుస్తుల సంగతి వేరుగా చెప్పుకోవాలి. బాలికల హాస్టళ్లలో లోదుస్తులను ఎండలో ఆరేయనివ్వరు, లేదా ఆరేయడానికి పిల్లలే సిగ్గుపడతారు. గదిలో తాడు మీద టవలు కింద దాచి ఆరేస్తారు. అవి ఎప్పటికీ పూర్తిగా ఆరవు. నీళ్లు చాలక సబ్బు కూడా పూర్తిగా వదలదు. చెమ్మ, సబ్బు మిగిలిన ఆ బట్టే రోజంతా చర్మానికి అంటుకుని ఉంటుంది. ఎండ తగిలే ఒక తాడు, ఒక బకెట్టు ఎక్కువ నీళ్లు, వదులుగా ఉండే నూలు బట్ట. ఈ మూడూ మందుల కిందే లెక్క. మేము వెళ్లిన చోట మేడ మీద తాడు కట్టించుకోవడానికి పిల్లలు వార్డెన్‌తో రెండు వారాలు వాదించాల్సి వచ్చింది.

తిండి విషయంలో తొందరపడి నిషేధాలు పెట్టం. కాఫీ, టీ, మిరపకారం, టమాటా, నిమ్మ జాతి పండ్లు, చాక్లెట్లు, మద్యం కొందరిలో ఈ దురదను పెంచుతాయి, అందరిలో కాదు. అనుమానం ఉన్నదాన్ని రెండు వారాలు ఆపి చూడండి, తేడా లేకపోతే మళ్లీ తినండి. గొడ్డుకారంతో అన్నం తిని పెరిగినవాళ్లకు కారం మానమని చెప్పడం తేలిక, దాని స్థానంలో ఏం పెడతారన్నది అడగాలి. అంతకంటే ముఖ్యం విరేచనం మెత్తగా, ముద్దగా రావడం. మరీ గట్టిగా వస్తే చర్మం చీలుతుంది, మరీ నీళ్లగా వస్తే రోజుకు నాలుగైదుసార్లు కడగాల్సి వస్తుంది, కడిగినా కాస్త కారుతూ ఉంటుంది. నీళ్లు తాగడం, జొన్న రొట్టె, రాగి సంగటి, ఆకుకూరలు, చిక్కుళ్లు, జామకాయ దీనికి సాయం చేస్తాయి.

ఇవి శ్రద్ధగా చేస్తే చాలామందికి రెండు, మూడు వారాల్లో తేడా తెలుస్తుంది. ఒక్క రోజులో తగ్గదు. మధ్యలో ఒక రాత్రి గోకినంత మాత్రాన అంతా పోయిందని నిరాశపడొద్దు.

నులిపురుగులు: ఒక్కరి రోగం కాదు, గది రోగం

హాస్టల్లో ఒకే గదిలో ముగ్గురు, నలుగురు రాత్రి దురద అంటే మొదట అనుమానించాల్సింది నులిపురుగులను. తెల్లగా, దారప్పోగులా, మహా అయితే సెంటీమీటరుకు అటూ ఇటూగా పొడవుండే పురుగులివి. ఆడ పురుగు రాత్రిపూట పేగులోంచి బయటికి వచ్చి మలద్వారం చుట్టూ వేల గుడ్లు పెడుతుంది. దురద అప్పుడే. గోకితే గుడ్లు గోళ్ల కిందకు చేరతాయి. అక్కడి నుంచి నోటికి, దుప్పటికి, తలుపు గొళ్లేనికి, పక్కవాళ్ల కంచానికి. గుడ్లు కొన్ని గంటల్లోనే మరొకరికి అంటుకునేలా తయారవుతాయి, బట్టల మీద రెండు, మూడు వారాల దాకా బతికి ఉండగలవు. తీపి తింటే, బెల్లం తింటే నులిపురుగులు పుడతాయన్న మాట అబద్ధం. ఇవి ధనిక దేశాల బడుల్లోనూ మామూలే. పిల్లలు గుంపుగా పడుకునే ఏ చోటైనా వస్తాయి. రెండడుగుల దూరంలో పక్కలు, పది మందికి ఒక కుళాయి ఉన్న చోట ఇంకా తేలిగ్గా వస్తాయి.

తెలుసుకునే పరీక్షకు పారదర్శకంగా ఉండే సెల్లో టేపు చాలు. పొద్దున లేచీ లేవగానే, దొడ్డికి వెళ్లకముందు, కడగకముందు, టేపు జిగురు వైపును మలద్వారం చర్మానికి అద్ది తీసి, గాజు పలక మీద అంటించి ల్యాబ్‌కు ఇస్తే మైక్రోస్కోపులో గుడ్లు కనబడతాయి. ఒక రోజు దొరక్కపోతే మూడు రోజులు వరసగా చేస్తారు. మామూలు మల పరీక్షలో ఇవి చాలాసార్లు దొరకవు. కాబట్టి 'మలం టెస్టులో ఏమీ లేదు' అని చీటీ వస్తే నులిపురుగులు లేవని అర్థం కాదు.

'మాకు ఏటా మాత్ర ఇస్తారు కదా' అని పిల్లలు అడిగారు. మంచి ప్రశ్న. 2015 నుంచి దేశంలో ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం పేరుతో బడుల్లో, అంగన్‌వాడీల్లో 1 నుంచి 19 ఏళ్ల వారికి ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. చాలా చోట్ల ఆగస్టులోనూ ఇస్తారు. తెలుగులో పేరు నులిపురుగుల దినమే గానీ ఆ కార్యక్రమం గురి ప్రధానంగా మట్టి ద్వారా వచ్చే ఏలికపాములు, కొంకిపురుగుల లాంటి వాటి మీద. నులిపురుగును కూడా ఆ మాత్ర చంపుతుంది, గుడ్లను మాత్రం సరిగా చంపలేదు. ఆ గుడ్లు పెద్దవయ్యాక వాటిని చంపడానికి రెండు వారాల తర్వాత రెండో మోతాదు తప్పనిసరి. పైగా గదిలో అందరూ ఒకే రోజు వేసుకోవాలి. దురద ఉన్న పిల్లకు మాత్రమే వేస్తే పక్కమంచం నుంచి తిరిగి వస్తుంది. రెండేళ్లు దాటినవారికి సాధారణంగా 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. గర్భిణులు, లివర్ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

మాత్ర వేసుకున్న రోజే దుప్పట్లు, లోదుస్తులు వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతికే ముందు దుప్పటి దులపొద్దు, గుడ్లు గాల్లోకి లేస్తాయి. రెండు వారాల పాటు సాయంత్రం కాకుండా పొద్దున్నే స్నానం చేయాలి, రాత్రి పెట్టిన గుడ్లు అప్పుడే పోతాయి. ఇవన్నీ పిల్లల చేతిలో ఉన్నవి కావు. వేడి నీళ్లు, అరవై మందికీ ఒకే రోజు మాత్రలు, పద్నాలుగో రోజు మళ్లీ మాత్రలు, ఇవి హాస్టల్ యంత్రాంగం చేయాల్సిన పనులు. విద్యార్థి సంఘాలు వార్డెన్‌కు, పీహెచ్‌సీ డాక్టరుకు కలిపి ఒక వినతిపత్రం రాయండి. ఎవరికి దురద అన్న పేర్లు అందులో రాయాల్సిన పనే లేదు. 'ఫలానా హాస్టల్లో నులిపురుగుల లక్షణాలు ఉన్నాయి, అందరికీ రెండు విడతలు మందు కావాలి' అంటే సరిపోతుంది.

చీపురు పట్టినవాళ్ల సంగతి

పారిశుధ్య కార్మికుల్లో ఈ బాధకు వేరే దారులున్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి రోడ్డెక్కి, ఎండ ముదిరే దాకా గాలి ఆడని రబ్బరు బూట్లు, సింథటిక్ జాకెట్టు. చెమట నడుము కిందుగా కారి కాళ్ల మధ్య నిలుస్తుంది. నడుస్తుంటే ఒరుసుకుపోతుంది. ఆ ఒరిపిడి మీద తామర వేస్తుంది. 2013 చట్టం కింద వచ్చిన నియమాలు ప్రమాదకర శుభ్రతా పనికి ఇవ్వాల్సిన రక్షణ సామగ్రి జాబితా ఇచ్చాయి. సామగ్రి అడగడం ఎంత అవసరమో, పని అయ్యాక ఒళ్లు కడుక్కుని బట్ట మార్చుకోవడానికి తలుపున్న గది, నీళ్లు అడగడం కూడా అంతే అవసరం. ఊరంతా శుభ్రం చేసి వచ్చినవాళ్లకు చేతులు కడుక్కునే కుళాయి కూడా చూపించని కాంట్రాక్టర్లను మేము చూశాం.

ఆడవాళ్లకు దీనికి తోడు మరుగుదొడ్డి లేకపోవడం. పని మధ్యలో ఎక్కడా వెళ్లే వీలుండదని పొద్దున్నే నీళ్లు తాగరు, వచ్చినదాన్ని బిగబట్టుకుంటారు. మలం పేగులో ఎండిపోయి గట్టిపడుతుంది. అది వచ్చేటప్పుడు మలద్వారం అంచు చీలుతుంది. దీన్ని ఫిషర్ అంటారు. చాకుతో కోసినట్టు నొప్పి, కాగితం మీదో నీళ్లలోనో కాస్త ఎర్రని రక్తం, మానుతున్నప్పుడు దురద. నెలసరి రోజుల్లో మార్చుకునే చోటు లేక ఒకే ప్యాడుతో గంటల తరబడి ఉండటం వల్ల ముందూ వెనకా చర్మం ఒరుసుకుపోతుంది. మురుగులో దిగే పనికి తాగకుండా వెళ్లలేమని చెప్పే అన్నలున్నారు. మద్యం విరేచనాన్ని పలచబరిచి దురద పెంచుతుందన్న మాట వాళ్లకు చెబుతాం. ఆ కంపులోకి మనిషిని దింపేవాళ్లకు చెప్పాల్సిన మాటలు వేరే ఉన్నాయి.

మలద్వారం దగ్గర ఏమొచ్చినా 'మొలలు' అనేయడం మనకు అలవాటు. మాలో ఒకరు ఒక కార్మికురాలితో ఒక ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు బల్ల అవతలి నుంచే వివరాలు అడిగి, చూడకుండానే మొలల పూతమందు రాసిచ్చారు. రెండు నెలలు రాసినా తగ్గలేదు. ఇంకో చోట ఒక డాక్టరమ్మ పడుకోబెట్టి చూస్తే నిమిషంలో ఫిషర్ అని తేలింది. మలం మెత్తబడే మందు, గోరువెచ్చని నీళ్లలో కూర్చోవడం, ఒక పూతతో తగ్గింది. మొదటి డాక్టరు ఎందుకు చూడలేదన్నది ఆమె అడగలేదు. ఆమెకు జవాబు తెలుసు. మాకూ తెలుసు.

ఇక గోడల మీద 'ఆపరేషన్ లేకుండా పైల్స్, ఫిషర్, ఫిస్టులా నయం' అన్న రాతలు. అలాంటి గదుల్లో పూసే ఘాటు మందులు, పొడిచే సూదులు చర్మాన్ని కాల్చి పుండు చేస్తాయి. దయచేసి వెళ్లొద్దు.

మెడికల్ షాపు ట్యూబు

ఈ దురదకు మనవాళ్లు ఎక్కువగా వాడేది షాపులో అడిగి తెచ్చుకునే తెల్ల క్రీము. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయోటిక్ మూడూ కలిపినది. రాసిన రెండో రోజుకే దురద మాయం. అందుకే ఒకరి నుంచి ఒకరికి పేరు పాకుతుంది. స్టెరాయిడ్ చర్మంలోని మంటను అణచిపెడుతుంది, దాని కింద ఉన్న తామర మాత్రం అడ్డులేక పెరుగుతుంది. క్రీము ఆపగానే ముందుకంటే వెడల్పుగా తిరిగొస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, చారలు పడి, ముట్టుకుంటే చిట్లే స్థితి వస్తుంది. మలద్వారం, గజ్జల దగ్గర మడతల్లో మందు ఎక్కువగా ఇంకుతుంది కాబట్టి నష్టం కూడా త్వరగా.

ట్యూబు మీద పేర్లు చదవండి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ అని ఉంటే అవి బలమైన స్టెరాయిడ్లు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో గట్టిగా బిగించింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అమ్ముతున్నారు. తక్కువ బలం ఉన్న 1 శాతం హైడ్రోకార్టిసోన్‌ను డాక్టరు కొద్ది రోజులకు రాస్తే భయపడాల్సిన పనిలేదు, వారం రెండు వారాలకు మించి సొంతంగా లాగొద్దు. గుండ్రంగా అంచు కట్టి పాకుతున్న మచ్చ అయితే అది తామర, దానికి స్టెరాయిడ్ లేని ఫంగస్ మందు కావాలి. వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ కూడా రాత్రి దురద ఉంటే గజ్జి కావచ్చు, దానికి మందు వేరు, ఇంట్లో అందరికీ వేయాలి.

ఎప్పుడు ఆగకుండా వెళ్లాలి

రక్తం పడటం, గడ్డ చేతికి తగలడం, చీము, జ్వరం, విరేచనం అలవాటు కొన్ని వారాలుగా మారిపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, పులిపిరుల్లాంటివి లేవడం, మానని పుండు. ఇవి ఉంటే ఇంటి జాగ్రత్తలతో ఆగొద్దు. అరుదుగానే అయినా క్యాన్సరు, ఇంకొన్ని పెద్ద జబ్బులు ఇలా మొదలవుతాయి. చిన్నపిల్లల్లో మలద్వారం చుట్టూ ఎర్రగా, అంచు గీసినట్టు కమిలి నొప్పి ఉంటే అది బ్యాక్టీరియా వల్ల కావచ్చు, యాంటీబయోటిక్‌తో తగ్గుతుంది. నలభై దాటినవారికి దురద పదేపదే వస్తుంటే ఒకసారి షుగరు పరీక్ష చేయించండి. బస్తీ దవాఖానాలో, పీహెచ్‌సీలో డబ్బు లేకుండా చేస్తారు. ఏ జాగ్రత్తకూ మూడు వారాల్లో తగ్గని దురదకు చర్మ వైద్యులను గానీ సర్జన్‌ను గానీ చూడాలి.

డాక్టరు దగ్గర మాట రాకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి: ఎన్నాళ్లుగా, రాత్రా పగలా, రక్తం ఉందా, ఏ సబ్బు, ఏ క్రీము వాడారు. వాడిన ట్యూబు తీసుకెళ్లండి. చూడకుండా మందు రాస్తుంటే 'ఒకసారి చూసి చెప్పండి' అని అడగండి. ఆడవాళ్లు పరీక్ష సమయంలో పక్కన ఒక నర్సు లేదా తోడు వచ్చినవారు ఉండాలని అడగొచ్చు. ఒంటరిగా అడగలేని వాళ్లతో కార్యకర్తలు వెళ్లాలి. ధర్నాకు తోడు వెళ్లినట్టే దీనికీ వెళ్లాలి.

ఆ హాస్టల్లో మొదటి విడత మాత్రలు అందరికీ ఒకే రోజు వేశారు. రెండో విడతకు స్టాకు లేదన్నారు. పిల్లలు నలభై సంతకాలతో పీహెచ్‌సీకి వెళ్లాక పదహారో రోజు వచ్చాయి. వేడి నీళ్ల గీజరు ఇంకా రాలేదు. మేడ మీద తాడు మాత్రం ఉంది, దాని మీద బట్టలు టవలు చాటు లేకుండా ఆరుతున్నాయి.